కాలవ కట్టేసిన ఇరవై నిమిషాలు

మీ ఉత్తరం – మత్తు డాక్టరు జవాబు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే చోట తిరుగుతున్నాయి. ఆపరేషన్‌కీ కిడ్నీకీ ఏమిటి సంబంధం, దెబ్బ తగలకుండా ఏం చెయ్యాలి అని. నేను కిడ్నీ డాక్టర్ని కాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు మత్తు ఇచ్చి రిటైరైనవాణ్ణి. సర్జన్‌గారు కోసినచోట చూస్తుంటే, నేను తలవైపు స్టూలు మీద కూర్చుని మానిటర్‌నీ, బల్ల కింద వేలాడే యూరిన్ బ్యాగునీ చూసేవాణ్ణి. ఆ బ్యాగులో చుక్క పడటం ఆగిందంటే ఏసీ గదిలో కూడా నాకు చెమట పట్టేది. ఆ మేరకు నాకు తెలిసింది చెబుతాను. పేర్లూ, గుర్తుపట్టే వివరాలూ తీసేశాను.

డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్ళు, కొబ్బరి వ్యాపారం. కడుపు ఉబ్బరమని స్కానింగ్ తీయిస్తే ఎడమ కిడ్నీలో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. కిడ్నీ మొత్తం తియ్యక్కర్లేదు, గడ్డ వరకూ కోసి మిగతాది కుట్టేస్తామన్నారు. కాకపోతే కోసేటప్పుడు కిడ్నీకి రక్తం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆపేస్తారట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాన్నగారు సరిగ్గా అన్నం తినడం లేదు. రక్తం ఆపేస్తే కిడ్నీ చచ్చిపోదా? ముందే ఏదైనా మందు వేసి కాపాడలేరా? — ఒక కూతురు, పి.గన్నవరం

అమ్మా, ముందు నాన్నగారికి అన్నం పెట్టండి. ఒట్టి కడుపుతో, ఎండిపోయిన ఒంటితో ఆపరేషన్‌కి వెళ్ళడం కిడ్నీకి ఏ రకంగానూ మంచిది కాదు.

మీది గన్నవరం అన్నారు కాబట్టి మీ ఊరి సంగతితోనే చెబుతాను. నేను పుట్టింది సఖినేటిపల్లి వైపు, పూర్తి శివారు ఊళ్ళో. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన నీళ్ళు మీ అక్విడక్టు మీదుగా వైనతేయ పాయ దాటి వస్తేనే మా చేలు తడిసేవి. ఎగువ వాళ్ళందరి నాట్లూ అయ్యాక, మిగిలితే మాకు. దాళ్వాలో వంతులు పెట్టారంటే మా నాన్న రాత్రిళ్ళు లాంతరు పుచ్చుకుని బోదె గట్టున పడుకునేవాడు.

కిడ్నీ లోపల కూడా సరిగ్గా ఇదే ఏర్పాటు. రెండు కిడ్నీలూ కలిపి తూకం వేస్తే మూడు వందల గ్రాములు. అంత చిన్న వాటికి గుండె నుంచి వచ్చే రక్తంలో అయిదో వంతు, అంటే నిమిషానికి లీటరు దాకా వెళ్తుంది. వినడానికి బోలెడు. కానీ అందులో ఎక్కువ భాగం కిడ్నీ పైపొరకే పోతుంది, అది ఎగువ ఆయకట్టు. లోపలి పొర శివారు. దానికి చేరేది పదో వంతో ఎంతో. అక్కడి కణాలు మామూలు రోజుల్లో కూడా బొటాబొటీ ఆక్సిజన్‌తోనే బతుకుతాయి. పైగా గట్టిగా పని చేసే మోటార్లు కొన్ని అక్కడే ఉన్నాయి. కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడకట్టి, ఒకటిన్నర రెండు లీటర్లు మూత్రంగా వదిలి, మిగతాదంతా వెనక్కి తోడుకోవాలి కదా. ఉప్పుని వెనక్కి తోడే ఆ పని రాత్రీపగలూ ఆగదు. తక్కువ నీళ్ళు, ఎక్కువ పని. అందుకే రక్తం ఆగితే ముందు ఎండేది ఆ శివారే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నష్టం రక్తం ఆగినప్పుడే కాదు, తిరిగి వదిలినప్పుడు కూడా జరుగుతుంది. వేసవిలో కాలవలు కట్టేసి, మళ్ళీ నీళ్ళు వదిలే రోజు మీరు చూసే ఉంటారు. పిల్లలం గట్టు మీద పరుగెత్తేవాళ్ళం. కానీ వచ్చే మొదటి నీళ్ళు ఎలా ఉండేవి? గుర్రపుడెక్కా, కొబ్బరి డొక్కలూ, చచ్చిన పాములూ. ఎండకి బీటలిచ్చిన గట్టు ఆ తోపుకి గండి పడేది. కిడ్నీలో కూడా రక్తం ఆగిన ఆ కాసేపట్లో కణాలు తమ దగ్గరున్న ఇంధనాన్ని విరగ్గొట్టుకు తినేస్తాయి. ఆ వ్యర్థం లోపల పేరుకుంటుంది. రక్తం ఆపడానికి నాళానికి వేసిన క్లిప్పు (క్లాంపు) తీయగానే తాజా ఆక్సిజన్ వచ్చి దాన్ని తాకుతుంది, ఫ్రీ రాడికల్స్ అనే కణాల్ని దెబ్బతీసే పదార్థాలు పుడతాయి, సన్నటి నాళాల గోడలు వాస్తాయి, తెల్ల కణాలు వచ్చి అతుక్కుంటాయి. మంచి నీళ్ళే, కానీ గండి కొట్టాయి. డాక్టర్లు ఇస్కీమియా-రీపెర్ఫ్యూజన్ అనే పెద్ద పేరు పెట్టింది దీనికే.

ఇప్పుడు మీ భయం దగ్గరకొద్దాం. ఇరవై నిమిషాలకి కిడ్నీ చావదు. మామూలు ఒంటి వేడి మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలలోపు ముగిస్తే, అంతకుముందు బాగున్న కిడ్నీ తట్టుకుని తేరుకుంటుందన్నది సర్జన్లు పెట్టుకున్న లెక్క. మా కాలంలో ముప్ఫై అనేవారు, తరువాత తగ్గించారు. కిడ్నీ ధమనికి వేసే క్లాంపుని బుల్‌డాగ్ అంటారు. పేరు చూసి జడుసుకోకండి, మీ వేలి పొడవు కూడా ఉండదు, బట్టలారేసే క్లిప్పులాంటిదే. అది పడిన క్షణం నుంచి థియేటర్లో మాటలు ఆగిపోతాయి. నేను పనిచేసినచోట ఒక సిస్టరు గోడ గడియారం కింద నిలబడి పైకి లెక్క చెప్పేది. "ఎనిమిదయింది సార్." "పన్నెండు." సర్జన్‌గారు గడ్డ కోసి బయటపెట్టేసరికి పన్నెండో పదమూడో, లోపలి కుట్టు వేసేసరికి పద్దెనిమిది. క్లాంపు తీశాక ఊదారంగు తిరిగిన కిడ్నీ ఎర్రబడుతుంది, పొద్దుటి పూట తమలపాకుకి నీళ్ళు చల్లినట్టు బిగువెక్కుతుంది. ఆ రంగు చూశాకే నేను ఊపిరి పీల్చేవాణ్ణి.

ఎక్కువసేపు పడుతుందని ముందే తెలిస్తే ఐసు వాడతారు. భీమవరం చేప కలకత్తా దాకా పాడవకుండా ఎలా వెళ్తుందో అదే సూత్రం: చల్లబడితే కణం ఆకలి తగ్గుతుంది. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌లో, స్టెరైల్ చేసిన ఐసు ముద్దని కిడ్నీ చుట్టూ కప్పి పది నిమిషాలు ఆగి, అప్పుడు కోత మొదలుపెడతారు. జీవన్‌దాన్ అనే అవయవదాన పథకంలో దాతల నుంచి తీసిన కిడ్నీలు ఐసుపెట్టెలో గంటలకొద్దీ ప్రయాణం చేసి కూడా ఇంకొకరి ఒంట్లో పని మొదలుపెడుతున్నాయంటే ఆ చల్లదనం పుణ్యమే.

మందు లేదా అని అడిగారు. మానిటాల్ అని ఒక సీసా ఉండేది, కాస్త చల్లబడితే లోపల పటికబెల్లంలా పలుకులు కట్టేది. క్లాంపు వేసే ముందు దాన్ని ఎక్కించడం ఆచారం. ఎన్ని సీసాలు ఎక్కించానో నాకే లెక్క లేదు. 2018లో దాన్ని సరిగ్గా పరీక్షించి చూశారు, సగం మందికి అది, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి. ఆరు నెలల తరువాత కిడ్నీల పనిలో తేడా లేదు. నాకు కొంచెం సిగ్గేసింది, దాచుకోను.

నాన్నగారి రెండో కిడ్నీ ఎలా ఉంది, ఆయన క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) ఎంత, షుగరు, బీపీ ఉన్నాయా అన్నవి మీ ఉత్తరంలో లేవు. నిమిషాల కంటే ఇవే ముఖ్యం. అంతకంటే ముఖ్యం, గడ్డ తీశాక ఎంత మంచి కిడ్నీ మిగులుతుంది అన్నది. సర్జన్‌గార్ని ఆ ముక్క అడగండి. "నిమిషాలు ఎన్ని" అని గద్దిస్తే తొందరపడతారు, తొందరలో వేసిన కుట్టు రాత్రికి కారుతుంది.

అయ్యా, నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. 67 ఏళ్ళు. వచ్చే నెల గుండెకి బైపాస్. క్రియాటినిన్ 1.6 ఉంది, కిడ్నీలు జాగ్రత్త అన్నారు. షుగరుకి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. చేతికి బీపీ పట్టీ కట్టి గట్టిగా బిగించి వదిలితే కిడ్నీలు కాపాడబడతాయనీ, ఏదో అమైనో ఆమ్లాల సెలైన్ వచ్చిందనీ మా శిష్యుడొకడు ఫోన్లో చెప్పాడు. నిజమేనా? (మోకాళ్ళకి అప్పుడప్పుడు మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకుంటాను, అది పెద్ద విషయం కాదు.) — మాస్టారు, పాలకొల్లు

మాస్టారూ, మీ ఉత్తరం మొత్తంలో అసలు లెక్క బ్రాకెట్లో ఉంది. బ్రాకెట్‌ని ముందు సాధించాలని మాకు నేర్పింది మీలాంటివారే కదా.

కిడ్నీలో ఒక్కోదానికి పది లక్షల దాకా జల్లెడలుంటాయి. ప్రతి జల్లెడకీ ముందొక సన్న నాళం, వెనకొకటి. ముందుదాన్ని పై తూము అనుకోండి, వెనకదాన్ని కింది తూము. రెంటి మధ్యా మట్టం నిలబడితేనే వడపోత జరుగుతుంది. కాలవలో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీ తెలివిగా పై తూము బాగా తెరిచి, కింది తూము కాస్త దించి మట్టం నిలుపుకుంటుంది. మీ మోకాళ్ళ బిళ్ళ, అది డైక్లోఫినాక్ కానీ, ఎసిక్లోఫినాక్ కానీ, ఐబుప్రోఫెన్ కానీ, పై తూము తెరుచుకోనివ్వదు. టెల్మిసార్టాన్ కింది తూముని ఎత్తేస్తుంది. మామూలు రోజుల్లో అది మంచిదే, కిడ్నీ మీద ఒత్తిడి తగ్గిస్తుంది. కానీ ఆపరేషన్‌లో బీపీ పడిపోయిన అరగంటలో ఈ రెండూ ఒకేసారి ఒంట్లో ఉంటే మట్టం నిలవదు. దానికి తోడు మూత్రం బిళ్ళ కూడా ఉంటే చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి నొప్పి బిళ్ళలు ఇవాళే మానండి. నెప్పి భరించలేకపోతే పారాసెటమాల్ ఎంత వేసుకోవచ్చో మీ డాక్టర్నడగండి. టెల్మిసార్టాన్ ఆపరేషన్ పొద్దున వేసుకోవాలా వద్దా అన్నదానిలో మా మత్తువాళ్ళలోనే రెండు పార్టీలున్నాయి. నేను ఆపమనే పార్టీ. ఆ రోజు వేసుకొచ్చినవారికి బీపీ ధన్‌మని పడిపోవడం, దాన్ని లేపడానికి నానా తంటాలు పడటం చూశాను. అయితే మీకు మత్తు ఇచ్చేది నేను కాదు, ఆయన మాటే చెల్లుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ మాత్రం కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు, షుగరు పెరక్కుండానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది కాబట్టి. దాన్ని ఎప్పుడు ఆపాలో, బదులు ఏం వాడాలో అడిగి రాయించుకోండి. గుండె బిళ్ళలు వేటినీ సొంతంగా ఆపకండి.

యాంజియోగ్రామ్ ఈమధ్యే అయివుంటుంది. అందులో ఎక్కించే రంగుమందు కూడా మీ వంటి కిడ్నీకి భారమే. అది అయ్యాక క్రియాటినిన్ మళ్ళీ చూశారా, ఆ 1.6 దానికి ముందుదా తరువాతదా? తేదీలు పక్కపక్కన వేసి ఒక కాగితం మీద రాయండి. లెక్కల మాస్టారికి గ్రాఫు గీయడం నేను చెప్పాలా.

ఇక పట్టీ సంగతి. మీ శిష్యుడు కట్టుకథ చెప్పలేదు. 1986లో అమెరికాలో ముర్రీ, జెన్నింగ్స్, రీమర్ అనే ముగ్గురు కుక్కల గుండె నాళాన్ని అయిదు నిమిషాలు మూసి, అయిదు నిమిషాలు వదిలి, అలా నాలుగుసార్లు చేశారు. ఆ తరువాత నలభై నిమిషాలు మూస్తే, ముందు ఈ కసరత్తు చేయని గుండెలతో పోలిస్తే పావు వంతే దెబ్బతింది. చిన్న కరువు చూసిన గుండె పెద్ద కరువుకి సిద్ధపడిందన్నమాట. ఇంకా విచిత్రం, కసరత్తు చేతికో కాలికో చేయించినా ఆ కబురు రక్తం ద్వారా, నరాల ద్వారా దూరపు అవయవాలకి అందుతుందని తరువాత తేలింది. దాంతో బీపీ పట్టీ రంగంలోకి దిగింది. 2015లో జర్మనీలో, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువున్న 240 మంది గుండె రోగుల మీద చేస్తే, పట్టీ బిగించనివారిలో 52.5 శాతం మందికి కిడ్నీ దెబ్బతింటే, బిగించినవారిలో 37.5 శాతానికి తగ్గింది. నేను ఎగిరి గంతేశాను. పైసా ఖర్చు లేదు కదా! అదే ఏడాది బ్రిటన్‌లో ఒకటి, జర్మనీలో ఇంకొకటి, రెండూ కలిపి మూడు వేల మంది రోగులతో పెద్ద పరీక్షలు వచ్చాయి. రోగులకి ఒరిగిందేమీ లేదని తేల్చాయి. మేమిచ్చే ప్రొపొఫాల్ అనే మత్తుమందే ఆ కబురుని మధ్యలో చెరిపేస్తోందేమోనని ఒక అనుమానం ఉంది. అదే నిజమైతే దొంగ మా ఇంట్లోనే ఉన్నట్టు. మీ ఆసుపత్రిలో పట్టీ కడితే కట్టించుకోండి, కట్టకపోతే గొడవ పెట్టుకోకండి.

అమైనో ఆమ్లాల (ప్రొటీన్ తయారయ్యే ముక్కలు) సంగతి ఇంకాస్త గట్టిది. 2024లో ఇటలీ వైద్యుల పూనికతో మూడు దేశాల్లో, 22 ఆసుపత్రుల్లో, హార్ట్-లంగ్ మెషీన్ మీద గుండె ఆపరేషన్ అయిన 3,511 మందిని చూశారు. అమైనో ఆమ్లాలు నరానికి ఎక్కించినవారిలో 26.9 శాతానికి, ఎక్కించనివారిలో 31.7 శాతానికి కిడ్నీ దెబ్బతింది. నూటికి దాదాపు అయిదుగురు తప్పించుకున్నారు. ఇన్నేళ్ళలో ఒక ఎక్కించే మందు ఇంత పెద్ద పరీక్షలో నెగ్గడం నేను చూసింది ఇదే. కాకపోతే డయాలసిస్ అవసరం పడినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన దగ్గర చాలా బైపాస్‌లు మెషీన్ లేకుండా, గుండె కొట్టుకుంటుండగానే చేస్తారు, మీది ఏ రకమో కనుక్కోండి. ఒక్క మనవి: ఇది చదివి ప్రొటీన్ పౌడరు డబ్బా కొనుక్కోకండి. నరంలోకి కొలిచి ఎక్కించడం వేరు, 1.6 క్రియాటినిన్‌తో పాలలో నాలుగు చెంచాలు కలుపుకోవడం వేరు.

ముందు రోజు రాత్రి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా, ఉపవాసంలా పడుకునే అలవాటు మన పెద్దవాళ్ళకుంది. సాధారణంగా మంచినీళ్ళు ఆపరేషన్‌కి రెండు గంటల ముందు వరకూ తాగనిస్తారు. పాలు, పాల టీ మాత్రం నీళ్ళ లెక్కలోకి రావు, అన్నం లెక్క, ఆరు గంటలు. మీకు ఎంత టైమో ముందు రోజే అడగండి.

సార్, నేను జీఎన్ఎం నర్సింగ్ మూడో సంవత్సరం. ఆపరేషన్ అయిన పేషెంట్లని చూసే వార్డులో డ్యూటీ. గంటకి ఎంత యూరిన్ వస్తే సరిపోతుంది? తగ్గితే లాసిక్స్ (మూత్రం తెప్పించే మందు) ఇస్తే సరిపోతుందని ఒక సీనియర్ అంటారు. డోపమిన్ కూడా ఇచ్చేవారట కదా? — రాజమహేంద్రవరం

అమ్మాయ్, కిలోకి గంటకి అర ఎం.ఎల్. అరవై కిలోల మనిషికి ముప్ఫై. పది ఎం.ఎల్. పట్టే దగ్గుమందు మూతతో మూడు మూతలు, అంతే. అంతకు తగ్గి ఆరు గంటలు గడిస్తే కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క. లేదా రెండు రోజుల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా. ఇది 2012 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కొలత. అందులో నీ చేతిలో ఉన్నది మొదటిది. క్రియాటినిన్ నెమ్మది మనిషి, దెబ్బ తగిలిన మర్నాడో మూడో నాడో వచ్చి చెబుతుంది. యూరిన్ బ్యాగు అదే గంటలో చెబుతుంది, వినేవాళ్ళుంటే.

డోపమిన్ బీపీ లేపే మందు, దాన్ని చిన్న మోతాదులో నేనూ ఇచ్చాను. "కిడ్నీ డోసు" అని దానికి ముద్దుపేరు. 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు ఐసీయూల్లో 328 మంది మీద చూసి, అది కిడ్నీని కాపాడదని తేల్చేవరకూ ఇస్తూనే ఉన్నాను.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఏ ఊరో, ఏ ఆసుపత్రో అనవసరం. పేగు మెలిపడి ఆపరేషన్ అయిన ఒక రైతు. తెల్లవారుజామున రెండింటికి బ్యాగులో గంటకి పన్నెండు ఎం.ఎల్. నేను కుర్రాణ్ణి. లాసిక్స్ రాశాను, డోపమిన్ పెట్టించాను, గొప్ప వైద్యం చేశానన్న తృప్తితో వెళ్ళి పడుకున్నాను. అరగంటకి ముసలి సిస్టరొకావిడ టార్చి పట్టుకుని వచ్చి, "బాబూ, ఒకసారి రండి" అంది. మంచం పక్క కమ్మీ దించినప్పుడు యూరిన్ ట్యూబు దాని కింద నలిగి ఉంది. ఆవిడ కమ్మీ ఎత్తగానే బ్యాగులోకి జలజలా నాలుగు వందలు దిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. టార్చి ఆర్పేసి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ నేను మొదట చూసేది ట్యూబే. నువ్వూ అంతే చెయ్యి: ట్యూబు నలిగిందా, లోపల రక్తం గడ్డ అడ్డుపడిందా, పొట్ట కింద ఉబ్బిందా.

నవ్వుకునే కథ అది. ఇంకొకటి నవ్వుకునేది కాదు. కొన్నాళ్ళకే ఇంకో పేషెంటుకి యూరిన్ తగ్గింది. ట్యూబు బాగానే ఉంది. లాసిక్స్ ఇచ్చాను, గంటకి వంద వచ్చింది, సంతోషించాను. నిజానికి ఆమెకి లోపల సన్నగా రక్తం కారుతోంది. నాడి 96 నుంచి 120కి ఎక్కడం చార్టులో ఉంది, నేను యూరిన్ గడి మాత్రమే చూశాను. తెల్లారేసరికి బీపీ 70. ప్రాణం దక్కింది కానీ మూడు వారాలు డయాలసిస్ చేయాల్సి వచ్చింది, దాని కోసం ఆ ఇంటివాళ్ళు అర ఎకరం అమ్మారని తరువాత విన్నాను. లాసిక్స్ మూత్రం తెప్పిస్తుంది, కిడ్నీని బాగుచెయ్యదు. మీటరు ముల్లుని వేలితో జరిపితే బండిలో పెట్రోలు నిండుతుందా? ఒంట్లో నీరు నిజంగా ఎక్కువై, ఊపిరితిత్తుల్లోకి వస్తుంటే దాని అవసరం దానికుంది. కానీ తగ్గిన వెంటనే అందుకునే మందు అది కాదు.

కాబట్టి అంకె తగ్గితే, ట్యూబు చూశాక, నాడి, బీపీ, కట్టు తడి, డ్రెయిన్‌లో రంగు చూసి డాక్టర్ని పిలువు. "సార్, లాసిక్స్ ఇవ్వమంటారా" అని అడక్కు. నిద్రలో ఉన్న డాక్టరు ఆ ప్రశ్నకి "ఆఁ" అనేస్తాడు. "రెండు గంటలుగా పదిహేను వస్తోంది, నాడి 118, పొట్ట గట్టిగా ఉంది" అని చెప్పు. లేచి కూర్చుంటాడు.

అలాగని సెలైన్లు కూడా గుడ్డిగా దించెయ్యకూడదు, మరీ బిగబట్టనూకూడదు. పెద్ద పొట్ట ఆపరేషన్లు అయిన మూడు వేల మంది మీద 2018లో చూస్తే, నీళ్ళు బాగా తగ్గించినవారిలో 8.6 శాతానికి, ధారాళంగా ఇచ్చినవారిలో 5 శాతానికి కిడ్నీ దెబ్బతింది. అంతకుముందు పదేళ్ళు "పొడిగా ఉంచండి" అన్న గాలి వీచింది, నేనూ అటే వంగాను.

డాక్టరు గారూ, మా వారికి పేగు ఆపరేషన్ అయి నెల దాటింది. అప్పుడు క్రియాటినిన్ 1.1 నుంచి 1.9కి వెళ్ళి, ఇంటికొచ్చేటప్పటికి 1.2 ఉంది. అంతా సర్దుకుంది, భయం లేదన్నారు. కిడ్నీలు కడగడానికని మా పెద్దాడపడుచు కొండపిండాకు కషాయం కాచి ఇస్తోంది. మా అల్లుడు వాళ్ళ తోటలోంచి రోజూ నాలుగు బొండాలు దింపించి పంపుతున్నాడు. మంచిదేనా అండి? — నరసాపురం

సర్దుకుందన్న మాట చాలావరకూ నిజమేనమ్మా. కానీ 1.1 మనిషికి 1.9 అంటే ఒకటిన్నర రెట్లు దాటింది, అంటే దెబ్బ తగిలింది. తగ్గింది కదా అని మర్చిపోకూడదు. ఆపరేషన్ అయిన మూడు నెలలకి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ (మూత్రంలోకి కారే ప్రొటీన్) రెండూ చూపించండి. పాత రిపోర్టులూ, ఇవీ అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచండి. ఇకపై ఆయన పన్ను నెప్పికి వెళ్ళినా, ఆరెంపీ దగ్గరకి నడుం నెప్పికి వెళ్ళినా ముందు ఆ కవరు చూపించాలి. ఇలాంటివారికి నొప్పి ఇంజెక్షను ఒకటి పొడిచి పంపడం మన ఊళ్ళలో ఎంత తేలికో మీకు తెలుసు.

కొండపిండాకు పప్పులో పడితే నాకూ ఇష్టమే. కషాయంగా రోజూ తాగితే దెబ్బతిన్న కిడ్నీ కోలుకుంటుందనడానికి ఆధారం లేదు. అసలు ఆకు పేరు ఒకటి, అమ్మే పొడి ఇంకొకటి అవుతుంటుంది. గాడిదగడప జాతి మొక్కల్లో ఉండే ఆమ్లం కిడ్నీలని శాశ్వతంగా పాడుచేస్తుందని రుజువైంది, అలాంటివి పొడుల్లో కలిసినా మనకి తెలియదు. కిడ్నీ గిన్నె కాదు కడగడానికి. ఆడపడుచుగారికి కోపం రాకుండా మానిపించే ఉపాయం మీకే వదిలేస్తున్నాను. డాక్టరు ఒప్పుకోలేదని నా పేరు చెప్పండి, పడతాను.

ఇక బొండాలు. కోనసీమవాణ్ణయి బొండం వద్దంటే మా ఊళ్ళో రానివ్వరు. కానీ ఒక గ్లాసు బొండం నీళ్ళలో నాలుగైదు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. బాగున్న కిడ్నీ దాన్ని ఇట్టే బయటికి పంపేస్తుంది. తేరుకుంటున్న కిడ్నీ పంపలేకపోతే అది రక్తంలో పేరుకుని గుండె లయని చెడగొడుతుంది, అదీ చెప్పాపెట్టకుండా. రేపు ల్యాబుకి వెళ్ళినప్పుడు క్రియాటినిన్‌తో పాటు పొటాషియం కూడా రాయించండి. అది మామూలుగా ఉంటే, మీ డాక్టరుగారు సరేనంటే, రోజుకొకటి తాగనివ్వండి. రిపోర్టు వచ్చేదాకా మాత్రం ఆ నాలుగూ అల్లుడుగారే తాగాలి.